పురుగు మింగింది బిడ్డ... తిట్లు తిన్నది తల్లి

రాత్రంతా వాన పడి తెల్లవారి వెలిసింది. రామకృష్ణాపూర్‌లో మా క్వార్టర్ల వరసలో మొదటి షిఫ్టు వాళ్లంతా బాయికి వెళ్లిపోయారు. ఆడవాళ్లం ఇంటి పనుల్లో పడ్డాం. అంతలో నాలుగిళ్ల అవతల నుంచి చంటిపిల్ల ఏడుపు వినిపించింది. ఆకలేసి ఏడ్చే ఏడుపు కాదది, నిద్రకు ఏడ్చేదీ కాదు. చేతిలో పని వదిలేసి వెళ్లాను.

పద్నాలుగు నెలల పాప. నోటి వెంట చొంగ ధారగా కారుతోంది. నాలుక బయటపెట్టి, మళ్లీ లోపలికి తీసుకోలేక విలవిల్లాడుతోంది. నాయనమ్మ పిల్ల నోట్లో వేలు పెట్టి కెలుకుతోంది. తల్లి గోడకు ఆనుకుని నిలబడి ఉంది.

"ఏమైందే పిల్లకు?" అన్నాను.

"ఏమో అక్కా, పొద్దుగాల్నుంచి గిట్లనే ఏడుస్తంది" అంది, నా మొహంలోకి చూడకుండా.

ఆస్పత్రికి తీసుకెళ్లారు. డాక్టరు గారు ఏం తినిపించారని అడిగితే, "ఏం తినలే సార్" అని ఇంటిల్లిపాదీ ఒకే మాట చెప్పారు. గొంతు ఎర్రబడిందని ఆయన మందు రాసి పంపారు. చెప్పింది విని ఎవరైనా చేసే వైద్యమే అది. మర్నాటికీ పాప పాలు ముట్టలేదు, నీళ్లూ మింగలేదు. సాయంత్రం ఆ తల్లి మా ఇంటికొచ్చి, తలుపు దగ్గరగా వేసి, ఏడుస్తూ చెప్పింది. "అక్కా, నేను బట్టలు పిండుతున్న. అది మునగచెట్టు కాడికి పోయి గొంగడి పురుగును నోట్లె పెట్టుకున్నది. సగం నోట్లకెల్లి గుంజి పారేసిన. చెప్తె మా అత్తమ్మ, ఆయన నన్ను బతకనిస్తరా? నీ కండ్లు యాడ వోయినయ్ అంటరు."

అప్పటికప్పుడు ఇద్దరం పిల్లను తీసుకుని మళ్లీ వెళ్లాం. సంగతి తెలిశాక డాక్టరు గారు టార్చి వేసి, భూతద్దంతో చూశారు. నాలుక మీద, పెదవి లోపల, అంగిట్లో సన్నటి నూగు. ఆ రాత్రే పట్నంలోని ఈఎన్‌టీ డాక్టరు దగ్గరికి పంపారు. పాపకు కాసేపు మత్తు ఇచ్చి, ఒక్కొక్క వెంట్రుకే పట్టకారుతో లాగారు. మూడోనాటికి పాప పాలు తాగింది. ఇప్పుడు నవ్వుతూ తిరుగుతోంది.

పాప బాగయింది గానీ నా మనసు మాత్రం కుదుటపడలేదు. పురుగు చేసిన నొప్పి ఒక పూటలో తీరవలసింది. దాన్ని రెండు రోజులు సాగదీసింది ఏమిటి? తల్లి భయం. తప్పు చేశానన్న భయం కన్నా, ఇంట్లో పడబోయే మాటల భయం. ఈ వారం ఈ విషయం రాయాలనుకున్నది అందుకే.

పసివాళ్ల చేతికి నోరే కన్ను

ఆరు నెలలు దాటిన దగ్గర నుంచి మూడేళ్లు వచ్చే వరకు పిల్లలు ప్రపంచాన్ని నోటితోనే తెలుసుకుంటారు. ఎనిమిది, తొమ్మిది నెలలకు బొటనవేలు, చూపుడువేలు కలిపి చిన్న వస్తువును పట్టుకోవడం వస్తుంది. అప్పటిదాకా కనిపించని చీమ, బియ్యంలో పురుగు, గోడవార నడిచే గొంగళి అన్నీ వాళ్ల చేతికి అందుతాయి. ఇది పెంపకంలో లోపం కాదు, ఎదుగుదలలో ఒక మెట్టు. రోజంతా ఎంత కనిపెట్టుకుని ఉన్నా, పొయ్యి మీద పాలు దించే పాటి సమయం చాలు వాళ్లకు.

ముందుగా ఒక ధైర్యం చెబుతాను. పిల్లలు నోట్లో వేసుకునే పురుగుల్లో చాలా వాటివల్ల ఏ హానీ లేదు. చీమ, ఈగ, దోమ, పిండిలో పురుగు, దీపం పురుగు కడుపులోకి వెళితే అరిగిపోతాయి. చీమలు తింటే కళ్లు బాగా కనిపిస్తాయని మన పెద్దవాళ్లు అనేవారు. కళ్ల సంగతి నిజం కాకపోయినా, తల్లి గుండె నిబ్బరంగా ఉంచడానికి ఆ మాట పనికొచ్చేది. తొలకరి వానలకు పుట్టల్లోంచి లేచే ఉసిళ్లను పట్టి వేయించుకు తినడం మన పల్లెల్లో ఉన్నదే. ప్రపంచంలో 1,900కు పైగా పురుగుల జాతులను మనుషులు ఆహారంగా తీసుకుంటున్నారని ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ 2013లో వెలువరించిన నివేదికలో చెప్పింది. కాబట్టి పురుగు మింగిందనగానే గుండెలు బాదుకోనక్కర్లేదు. ఏ పురుగు, ఆ తర్వాత పిల్ల ఎలా ఉంది అన్నవే చూడాలి.

భయపడవలసినవి మూడు రకాలు

మొదటిది గొంగళి. మన పెరళ్లలో మునగచెట్టు లేని ఇల్లు అరుదు. వానలు మొదలయ్యాక ఆ చెట్టు మొదలుకు గుంపులు గుంపులుగా పట్టే నూగు పురుగులను మీరంతా చూసే ఉంటారు. వాటి ఒంటిమీది వెంట్రుకలు మామూలు వెంట్రుకలు కావు. సూదుల్లా గుచ్చుకుని, విరిగి లోపలే ఉండిపోతాయి. కొన్ని జాతుల వెంట్రుకల్లో దురద, మంట పుట్టించే పదార్థం కూడా ఉంటుంది. పిల్ల ఉన్నట్టుండి చొంగ కార్చడం, పాలు వద్దనడం, నాలుక బయటపెట్టి ఏడవడం, దగ్గడం దీని గుర్తులు. ఒంటిమీద దద్దుర్లు కూడా లేవవచ్చు. ఇది మన ఊరి చిత్రమేమీ కాదు. అమెరికాలోని పిట్స్‌బర్గ్ డాక్టర్లు 1999లో ఇలా గొంగళిని నోట్లో పెట్టుకున్న పిల్లల గురించి వైద్య పత్రికలో రాశారు. కొందరికి వట్టి చొంగతో పోతే, కొందరికి ఒళ్లంతా దద్దుర్లు లేచాయి.

రెండోది కుట్టేవి. తేనెటీగ, కందిరీగ. చెరకురసం గ్లాసులోనో, సగం తిన్న పండు మీదో వాలి, దాంతోపాటు నోట్లోకి పోతాయి. చేతిమీద కుడితే వాపు వస్తుంది, పోతుంది. అదే వాపు నాలుక మీద, గొంతులో వస్తే ఊపిరి దారి మూసుకుపోతుంది. పసిపిల్లల గొంతు సన్నం కాబట్టి కొద్ది వాపే చాలు. ఇక్కడ నిమిషాలు ముఖ్యం.

మూడోది చాలామందికి తెలియనిది. నల్లటి ఒంటిమీద నారింజ రంగు పట్టీలతో చూడముచ్చటగా ఉండే పెంకు పురుగు. వానాకాలం చివర కంది, పెసర, బెండ పూల మీద, ఇంటి ముందు మందార పూల మీద వాలి రేకులు తింటుంది. ముట్టుకుంటే బొబ్బలు లేస్తాయి. అందులో ఉండే విషం పేరు కాంతారిడిన్. ఎండి చచ్చిన పురుగులో కూడా ఆ విషం పోదు. మింగితే నోరు, గొంతు, కడుపు మండిపోయి పొక్కుతాయి. కొన్ని గంటల్లో కడుపునొప్పి, నెత్తురు వాంతులు, మూత్రంలో మంట, మూత్రంలో నెత్తురు కనిపిస్తాయి. మూత్రపిండాలు దెబ్బతినవచ్చు. జింబాబ్వేలో ఒక నాలుగేళ్ల పాప ఇలాంటి పురుగును, వాళ్లు తినే మరో పురుగు అనుకుని తిని ఆస్పత్రి పాలైన సంగతిని అక్కడి వైద్యులు 2000లో రాశారు. రంగు బాగుందని పిల్లలు పట్టుకునే పురుగు కాబట్టి, దీన్ని తల్లులు గుర్తుపట్టి ఉంచుకోవాలి. మిరుగు దాటాక ఎర్ర మఖమల్లులా కనిపించే ఆరుద్ర పురుగుతో ఆడుకున్నట్టు దీంతో ఆడుకోనివ్వకూడదు.

ఈ మూడింటికీ తోడు ఇంకొకటుంది. పురుగుకంటే పురుగును చంపిన మందు ఎక్కువ ప్రమాదం. గీత గీసే బొద్దింకల సుద్దముక్క, చల్లిన పొడి, కొట్టిన స్ప్రే. చచ్చిపడిన బొద్దింకను పిల్ల నోట్లో పెట్టుకుంటే, ఆ ఇంట్లో ఏ మందు వాడారో డాక్టరుకు చెప్పి తీరాలి. డబ్బా ఉంటే వెంట తీసుకెళ్లాలి.

ముందు ఇంట్లో ఏం చేయాలి?

పిల్ల ఊపిరాడక, ఏడుపు కూడా రాక నీలంగా మారుతుంటే అది మరే పనికీ ఆగని అవస్థ. ఏడాది లోపు పసివాళ్లను ముంజేతి మీద బోర్లా, తల కిందికి ఉండేట్టు పట్టుకుని, రెండు రెక్కల మధ్య వీపు మీద అరచేతి మొదలుతో అయిదు దెబ్బలు కొట్టాలి. రాకపోతే వెల్లకిలా తిప్పి, రొమ్ము ఎముక మీద రెండు వేళ్లతో అయిదుసార్లు నొక్కాలి. ఇలా మార్చి మార్చి చేస్తుండగా మరొకరు 108కి ఫోన్ చేయాలి. ఏడాది దాటిన వాళ్లకు వీపు మీద దెబ్బలతో రాకపోతే, వెనకనుంచి పట్టుకుని బొడ్డుకు పైన లోపలికి, పైకి గట్టిగా అదమాలి. గట్టిగా ఏడుస్తున్న పిల్లకు, దగ్గుతున్న పిల్లకు ఇవేమీ చేయకూడదు. ఏడుస్తోందంటే ఊపిరి ఆడుతోందనే అర్థం.

ఊపిరి బాగానే ఉంటే, పైకి కనిపించే పురుగును మాత్రం తీసేయండి. గొంగళి అయితే వట్టి చేతులతో తీయకండి, గుడ్డ చుట్టుకుని తీయండి. చేతుల మీద, బుగ్గల మీద నూగు ఉంటే అంటుకునే టేపు అద్ది లాగితే చాలామటుకు వచ్చేస్తుంది. పిల్ల ఆ చేతులతో కళ్లు నలుపుకోకుండా పట్టుకోండి. గొంగళి వెంట్రుక కంట్లో గుచ్చుకుంటే అదొక పెద్ద కథ. కన్ను నలపకుండా నీళ్లతో కడిగి కంటి డాక్టరుకు చూపించాలి.

తర్వాత ఆ పురుగును, సగం ముక్కయినా సరే, ఒక మూత డబ్బాలో వేసుకుని ఆస్పత్రికి బయలుదేరండి. సెల్‌ఫోన్‌లో ఫొటో తీసినా సరిపోతుంది. ఏ పురుగో తెలిస్తే డాక్టరుకు సగం పని తగ్గినట్టే.

చేయకూడనివి కూడా చెప్పుకోవాలి. ఎందుకంటే మనం ముందు చేసేవి అవే. నోట్లో వేలు పెట్టి కెలకవద్దు. పురుగు ఇంకా లోపలికి పోతుంది, నూగు ఇంకా లోతుగా దిగుతుంది. ఉప్పునీళ్లు పట్టి కక్కించవద్దు. మంట పుట్టించేది ఒకసారి గొంతు కాల్చింది చాలదన్నట్టు, కక్కేటప్పుడు రెండోసారి కాలుస్తుంది. అది ఊపిరితిత్తుల్లోకి పోయే ప్రమాదమూ ఉంది. ఒకప్పుడు వాంతి మందును ఇంట్లో ఉంచుకోమన్న అమెరికా పిల్లల డాక్టర్ల సంఘమే 2003లో ఇక దాన్ని ఇంట్లో వాడవద్దని చెప్పేసింది. ఏడాది లోపు పిల్లలకు తేనె నాకించవద్దు, తేనెవల్ల ఆ వయసులో వేరే జబ్బు రావచ్చు. బొబ్బల పురుగు అని అనుమానం ఉంటే పాలు, నెయ్యి, నూనె పట్టవద్దు. ఆ విషం కొవ్వులో కరిగి ఒంట్లోకి తొందరగా ఎక్కుతుంది. పసర్లు, కిరసనాయిలు మాట అసలే వద్దు.

డాక్టర్లు ఏం చేస్తారు?

ఆస్పత్రిలో ఏం జరుగుతుందో తెలియకే చాలామంది భయపడతారు. ముందుగా ఊపిరి దారి బాగుందో లేదో చూస్తారు. గొంతులో ఈల శబ్దం, గొంతు బొంగురుపోవడం, పక్కటెముకలు లోపలికి పోయేలా ఊపిరి తీయడం ఉంటే వెంటనే ఆక్సిజన్ పెడతారు. కందిరీగ కాటుకు ఒళ్లంతా వికటిస్తే తొడ కండకు అడ్రినలిన్ ఇంజెక్షన్ ఇస్తారు. ప్రాణం నిలబెట్టే మందు అది. తొడకు సూది ఎందుకని ఆ సమయంలో వాదించకండి. కాస్త తేరుకున్నా, వాపు తిరగబెట్టే అవకాశం ఉంది కాబట్టి కొన్ని గంటలు ఉంచుకుని చూస్తారు. త్వరగా ఇంటికి పోదామని తొందరపడకండి.

గొంగళి అయితే మంచి వెలుతురులో, పెద్దదిగా చూపే అద్దంతో వెంట్రుకలు వెదికి పట్టకారుతో తీస్తారు. పిల్ల కదలకుండా ఉండదు కాబట్టి ఎక్కువగా ఉంటే కాసేపు మత్తు ఇస్తారు. మింగడం కష్టంగా ఉంటే, గొంతులో, అన్నవాహికలో ఉన్నాయేమోనని సన్నటి గొట్టం వేసి చూస్తారు. నొప్పికి, దురదకు, వాపుకు మందులిస్తారు. బొబ్బల పురుగు విషానికి విరుగుడు మందంటూ లేదు. సెలైన్ ఎక్కించడం, మూత్రం ఎంత వస్తోందో, అందులో నెత్తురుందో లేదో చూడటం, రక్త పరీక్షలు, గుండె నడకను గమనించడం, ఇదే వైద్యం. విరుగుడు లేదంటే వైద్యం లేదని కాదు. వేళకు చేరిస్తే ఈ కనిపెట్టుకుని ఉండటమే పిల్లను కాపాడుతుంది.

ఢిల్లీ ఎయిమ్స్‌లో 1995 నుంచి జాతీయ విష సమాచార కేంద్రం ఉంది. రాత్రింబవళ్లు పనిచేస్తుంది. 1800 116 117కు ఫోన్ చేసి మనమైనా, డాక్టర్లయినా సలహా అడగవచ్చు. ఈ నంబరు, 108 రెండూ గోడ మీద క్యాలెండర్ పక్కన రాసి పెట్టుకోండి.

ఇక అసలు మాట

మన బొగ్గు బాయిల ఊళ్లలో ఇంటాయన షిఫ్టులో ఉంటే ఇంట్లో నిర్ణయాలు ఆగిపోతాయి. "ఆయన రానీ, అడిగి పోదాం" అంటారు. గని లోపలికి సెల్‌ఫోన్ తీసుకుపోనివ్వరు, కబురు అందదు. షిఫ్టు దిగి, స్నానం చేసి ఇంటికొచ్చేసరికి పొద్దు గడిచిపోతుంది. ఊపిరాడని పిల్లకు షిఫ్టు టైము తెలియదు. ఆస్పత్రికి తీసుకుపోవడానికి తల్లి ఎవరి అనుమతీ అడగనక్కర్లేదని మగవాళ్లే ముందుగా ఇంట్లో చెప్పి ఉంచాలి. ఆటోకు పెట్టుకునే నాలుగు డబ్బులు ఆమె చేతిలో ఉంచాలి. రామకృష్ణాపూర్‌లోనే సింగరేణి ఏరియా ఆస్పత్రి ఉంది. దగ్గర్లోని మంచిర్యాలలో 2022 నుంచి ప్రభుత్వ వైద్య కళాశాల ఉంది. దారి దూరం కాదు. గడప దాటడమే ఆలస్యం.

అత్తగార్లకు ఒక మాట. మీరూ పిల్లల్ని పెంచారు. మీ చేతుల్లోనూ ఏదో ఒకరోజు పిల్ల జారిపడే ఉంటుంది, ఏదో ఒకటి మింగే ఉంటుంది. అప్పుడు మీ అత్తగారు అన్న మాట మీకు ఇప్పటికీ గుర్తుండే ఉంటుంది. ఆ మాటే మళ్లీ మీ కోడలితో అనకండి. "నీ కండ్లు యాడ వోయినయ్" అన్న ఒక్క మాట ఆమె నోరు మూయిస్తుంది. డాక్టరు అడిగే మొదటి ప్రశ్న "ఏం మింగింది?" అని. జవాబు తెలిసింది ఆమె ఒక్కదానికే. ఆమె నోరు మూయిస్తే డాక్టరు చేతులు కట్టేసినట్టే.

అంగన్‌వాడీ టీచర్లకు, ఆశా కార్యకర్తలకు, నర్సమ్మలకు కూడా ఒక విన్నపం. బుధ, శనివారాల్లో టీకాలకు తల్లులు వచ్చినప్పుడు అయిదు నిమిషాలు దీని గురించి చెప్పండి. పిల్లను తెచ్చిన తల్లిని ముందు తిట్టకండి. ఒకసారి తిట్టించుకున్న మనిషి రెండోసారి నిజం చెప్పదు. క్వార్టర్ల వాళ్లం కూడా మన పని మనం చేసుకుందాం. వానలు పడగానే మునగచెట్టు మొదలు చూసుకుందాం. పురుగు గుంపుగా ఉన్నప్పుడే తీసేయిద్దాం. తీసే మనిషి ముక్కు, నోరు గుడ్డతో కట్టుకోవాలి. ఆ వేళ పిల్లల్ని లోపల ఉంచాలి. గాలికి నూగు లేస్తుంది కాబట్టి రాలినదాన్ని నీళ్లు చల్లి తుడవాలి. కొమ్మలు కొడితే చాలు, పురుగుల కోసం చెట్టునే నరకనక్కర్లేదు. మునగాకు, మునక్కాయ మన పిల్లలకు కావలసినవే.

ఇంకో సంగతి చెప్పి ముగిస్తాను. ఆ పాప నాయనమ్మకు విషయం తర్వాత తెలిసింది. నేనే చెప్పాను, కోడలి ఎదుటే. ఏమంటుందోనని ఆ పిల్ల వణికిపోయింది. ముసలావిడ కాసేపు ఏమీ అనలేదు. తర్వాత మెల్లగా, "మరి నాతోని ఎందుకు చెప్పలేదే? చెప్తే నేను వేలు పెట్టకపోదు గదా" అంది. కోడలు తల దించుకుంది. మర్నాడు పొద్దున చూస్తే, అత్తాకోడళ్లిద్దరూ మునగచెట్టు కింద నీళ్లు చల్లి ఊడుస్తున్నారు. పాప గడపలో కూర్చుని, చేతికి దొరికిందేదో నోట్లో పెట్టుకోబోతోంది. ఇద్దరూ ఒకేసారి కేకేశారు.